గోడకి మిగిలిన మేకు

పాత యూరప్ పెయింటింగ్ అనగానే రాజులు, యుద్ధాలే గుర్తొస్తాయి కదా. కానీ 17వ శతాబ్దపు డచ్ చిత్రకారులు చాలామంది వంటగదులు, చీపుర్లు, పాల కూజాలు గీశారు. వీటిని జాన్ర్ పెయింటింగ్స్ అంటారు. ఊళ్లలో వ్యాపారులు, చేతిపనివాళ్లు కూడా కొని ఇంట్లో గోడకి తగిలించుకునేవారు.

వీటిలో నాకు బాగా ఇష్టమైనది యొహానెస్ వెర్మీర్ గీసిన ‘మిల్క్‌మెయిడ్’. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. ఎత్తు 45 సెంటీమీటర్లు దాటి కొంచెం, అంతే! ఒక పనమ్మాయి గిన్నెలోకి పాలు పోస్తోంది. వేరే కథేం లేదు. జూమ్ చేస్తే మాత్రం పగిలిన కిటికీ అద్దం, గోడకి మేకు, పాత మేకుల చిల్లులు కనిపిస్తాయి. నేల మీద చిన్న చెక్కపెట్టె ఉంది. అందులో నిప్పులు పెట్టి, చలికి పాదాలు వెచ్చబెట్టుకునేవారు.

2022లో మ్యూజియంవాళ్లు స్కానింగ్‌లో తేలిన సంగతి బయటపెట్టారు. మొదట ఆమె తల వెనక కూజాలు తగిలించే చెక్క, కింద మూలన ఒక పెద్ద అల్లిక బుట్ట ఉన్నాయట. తర్వాత రెండింటి మీదా వెర్మీరే రంగు వేసి కప్పేశాడు. అంత తీసేసినవాడు మేకునీ, చిల్లుల్నీ మాత్రం ఉంచాడు. సామాను తగ్గేసరికి మన చూపు నేరుగా ఆ పాలధార మీదకే వెళ్తుంది. పైగా ఆమె నీలం ఆప్రాన్‌కి వాడింది అల్ట్రామెరైన్. అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చే లాపిస్ లాజులీ రాయిని నూరి చేసే రంగు అది, అప్పట్లో చాలా ఖరీదు.

అంత ఖరీదైన రంగు పనమ్మాయి బట్టలకి! ఆమె పేరు మనకి తెలీదు, చేస్తున్న పని మాత్రం ఇవాళ్టికీ చూస్తున్నాం. ఇంటిపనిని ‘అదేముందిలే’ అనేవాళ్లకి నేను ముందు ఈ బొమ్మే చూపిస్తాను.