పెద్దదవడం నేరమా?

పీజీలో మేము చదివిన కేసుల్లో ముఖ్యమైనది మైక్రోసాఫ్ట్ కేసు. 1998లో ఆ కంపెనీ హైదరాబాదులో అభివృద్ధి కేంద్రం ప్రారంభించింది. ఆ ఏడాదే అమెరికా ప్రభుత్వం దానిపై గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద దావా వేసింది.

అప్పటికే అత్యధిక కంప్యూటర్లు విండోస్‌తో నడిచేవి. దానికి తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను ఉచితంగా జతచేయడంతో నెట్‌స్కేప్ దెబ్బతింది. నూజివీడులో ఒకే మామిడి మార్కెట్టు ఉండి, దాని యజమాని కిరాయి లేకుండా తన లారీల్లోనే కాయ ఎక్కించమన్నట్టు! మిగతా లారీలు మూలపడ్డాక కిరాయి ఆయన చెప్పిందే.

2000లో జడ్జి కంపెనీని రెండుగా విడగొట్టమన్నారు. 2001లో అప్పీలు కోర్టు దాన్ని రద్దుచేసినా, గుత్తాధిపత్యాన్ని అక్రమంగా కాపాడుకుందన్న తీర్పు నిలిచింది.

మన దేశపు 2002 పోటీ చట్టం కూడా పెద్దదవడాన్ని తప్పనదు. ఆ బలంతో ఇతరుల దారి మూయడాన్నే నిషేధిస్తుంది. ఎంచుకునే వీలు పోతే ఏమవుతుందో, తోటల్లో కష్టపడే కుటుంబాల నుంచి వచ్చిన మనకు తెలియనిదా?