డ్రాయింగు మాస్టారి తొలి పీరియడు

‘మీకిష్టమైన బొమ్మ గీయండర్రా’ అని ఏ బడిలోనైనా అడిగి చూడండి. పది నిమిషాల్లో సగం కాగితాల మీద ఒకే బొమ్మ ప్రత్యక్షమవుతుంది. రెండు కొండలు. మధ్యలోంచి తొంగిచూసే సూర్యుడు. మెలికలు తిరుగుతూ దిగొచ్చే ఏరు. ఒడ్డున ఓ గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. ఆకాశంలో నాలుగు టిక్కు గుర్తులు... అవి పక్షులన్నమాట!

శ్రీకాకుళం పిల్లలకైనా, చిత్తూరు పిల్లలకైనా చేయి తిరిగిన బొమ్మ ఇదే. మరి నల్లరేగడి చేలు, పత్తి, మిరప చూసిన గుంటూరు జిల్లా తుళ్లూరులో? అక్కడికి దగ్గర్లో నీరుకొండ లాంటి గుట్టలున్నా, అవేవీ సమోసాల్లా జంటగా నిలబడి సూర్యుణ్ని మోయవు. అలాంటి ఊరి బడిలో కొత్తగా చేరే డ్రాయింగు మాస్టారికి తొలిరోజు ఎదురయ్యే అసలు పరీక్ష ఇదే. పిల్లల చేతికి అలవాటైన బొమ్మను పక్కన పెట్టించి, కళ్లకు కనిపించే బొమ్మ గీయించడం ఎలా?

‘నాకు రాదు సార్!’

తొలి పీరియడులో తప్పకుండా వినిపించే మాట ఇది. ఒకటో తరగతి బుడతడు ఈ మాట అనడు. సుద్దముక్క దొరికితే చాలు, గోడంతా వాడిదే. మనిషి కంటే పువ్వు పెద్దదైనా, ఇంటి గోడలోంచి లోపలి మంచం కనిపిస్తున్నా వాడికి పట్టింపు లేదు. ఆరో తరగతికొచ్చేసరికి కథ మారుతుంది. పిల్లల బొమ్మలను వయసులవారీగా పరిశీలించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో తెచ్చిన పుస్తకంలో ఈ మార్పును వివరించాడు. తొమ్మిదేళ్లు దాటాక పిల్లలు తమ బొమ్మను అసలు వస్తువుతో పోల్చుకోవడం మొదలుపెడతారు. అచ్చం అలాగే రాలేదని సిగ్గుపడతారు. పక్కవాడు చూడకుండా చేయి అడ్డం పెట్టుకుంటారు. చాలామంది పెన్సిలు పక్కన పడేసే వయసు అదే. మళ్లీ జీవితంలో దాన్ని ముట్టుకోని వాళ్లెందరో!

హైస్కూలు మాస్టారి చేతికి పిల్లలు వచ్చేది సరిగ్గా ఆ వయసులోనే. తొలిరోజే ఆయన బోర్డు మీద చక్కని నెమలిని గీసి ‘ఇలా వేయండి’ అన్నారనుకోండి. బాగా వేసే నలుగురు మిగులుతారు. మిగతా వాళ్లంతా ‘మనకు రాదు’ అని తీర్మానించేసుకుంటారు.

ఒక్క మిరపకాయ చాలు

మరేం చేయాలి? ఖరీదైన రంగులక్కర్లేదు. గుంటూరు సీమలో ఎండుమిరపకాయ లేని వంటిల్లు ఉంటుందా? తలా ఒకటి తెచ్చుకోమంటే సరి. ఒక్కో కాయ ఒక్కో తీరు. ఒకటి కొడవలిలా వంగి ఉంటుంది, ఇంకొకటి నిటారుగా. ఒకదానికి తొడిమ ఉంటుంది, మరోదానికి ఊడిపోయి ఉంటుంది. ముడతలు ఎటు తిరిగాయి? ఎరుపంతా ఒకటేనా? తాలుకాయ ఎక్కడ తెల్లబడింది? రెండు నిమిషాలు చూడటమే పని. ఆ తర్వాతే పెన్సిలు. చివర్లో కాయలన్నీ కుప్పపోసి, ‘ఈ బొమ్మ ఏ కాయది?’ అని వెతికించాలి. ఎవరి బొమ్మ అందంగా ఉందన్న పోటీ ఇక్కడ లేదు, ఎవరు బాగా చూశారన్నదే ఆట. (ఆట ముగిశాక అందరూ చేతులు కడుక్కోవాలి సుమా!)

ఇంట్లో అమ్మ చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేయడం చూసిన పిల్లలకు గీత కొత్తేం కాదు. అది కూడా బొమ్మేనని చెప్పేవాళ్లే కావాలి.

కూల్డ్రే దొర నేర్పింది

చూసి గీయడమనే ఈ పాఠం మన తెలుగు నేలకు కొత్త కాదు. నూరేళ్లకు ముందే రాజమహేంద్రవరంలో మొదలైంది. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటి కుర్రాళ్లలోని కళను గుర్తించి, చుట్టూ ఉన్న ప్రకృతిని చూసి గీయమని ప్రోత్సహించారు. ఆయన చలవతోనే దామెర్ల బొంబాయి జె.జె. స్కూలు దాకా వెళ్లారు. తిరిగొచ్చాక 1923లో రాజమహేంద్రవరంలోనే చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచితో కన్నుమూసే నాటికి ఆయన వయసు ఇరవై ఎనిమిదేళ్లయినా నిండలేదు. గోదావరి, అక్కడి మనుషులు మాత్రం ఆయన కాన్వాసుల మీద నిలిచిపోయారు.

బొమ్మే సాక్ష్యం

తుళ్లూరుకు దగ్గర్లోనే ఇంకో పెద్ద పాఠం ఉంది. అమరావతి స్తూపం! అక్కడి సున్నపురాతి ఫలకాలు కొన్ని సున్నం బట్టీల్లో కాలిపోయాయి. కొన్ని చెన్నై, లండన్ మ్యూజియాలకు చేరాయి. కల్నల్ కాలిన్ మెకంజీ 1816 నుంచి తన చిత్రకారులతో ఆ శిల్పాలను ఉన్నవి ఉన్నట్టు గీయించాడు. ఆ తర్వాత కనిపించకుండా పోయిన శిల్పాలు ఎలా ఉండేవో చెప్పడానికి నేడు ఆ బొమ్మలే ఆధారం.

తుళ్లూరు చుట్టుపక్కల కూడా దృశ్యం మన కళ్లముందే మారిపోతోంది. 2015లో రాజధాని కోసం 33 వేలకు పైగా ఎకరాలను రైతులు పూలింగులో ఇచ్చారు. పంట చేలు కాస్తా ప్లాట్ల పటాలయ్యాయి. 2019 తర్వాత పనులు ఆగి కంపచెట్లు కమ్మేశాయి. 2024లో ఆ కంప కొట్టారు, 2025 మేలో పనులు మళ్లీ మొదలయ్యాయి. తాతకు మిరప కల్లం గుర్తు. నాన్నకు పూలింగు కాగితాలు గుర్తు. మనవడికి కనిపించేవి క్రేన్లు, టిప్పర్లు. ఈ మూడూ ఒకే ఇంటి బొమ్మలు. ఇంటికెళ్లి తాతయ్యను అడిగి పాత చేను గీసుకురమ్మంటే అదే మంచి హోంవర్కు.

ఆ పీరియడు ఎవరిది?

ఇదంతా జరగాలంటే ముందు పీరియడంటూ ఉండాలి కదా! 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు నూరుమందికి మించి పిల్లలున్న బడిలో కళావిద్యకు పార్ట్‌టైం బోధకులుండాలి. కానీ సిలబస్ మిగిలిపోతే లెక్కల సారు చూపు ముందుగా పడేది డ్రాయింగు పీరియడు మీదే. పంద్రాగస్టు బ్యానర్లు, సైన్సు ఫెయిర్ చార్టులు మాత్రం డ్రాయింగు మాస్టారే రాయాలి! అందుకే తొలిరోజే ఆయన ఆ నలభై నిమిషాలనూ గట్టిగా పట్టుకోవాలి. తల్లిదండ్రులు కూడా మార్కులడిగినట్టే ‘ఈ వారం ఏం గీశావురా?’ అని అడిగితే ఆయనకు కొండంత బలం.

కొత్తగా చేరే మాస్టార్లకు చివరిగా ఒక్క మాట. తొలిరోజు బొమ్మలకు మార్కులు వేయకండి. ప్రతి కాగితం వెనక పిల్లల పేరు, ఊరు, తేదీ రాయించి బీరువాలో భద్రంగా దాచండి. పదేళ్ల తర్వాత తుళ్లూరు ఒకప్పుడు ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే, ఆ కట్ట విప్పి చూపించొచ్చు.