మలివయస్సులో మాట

వయస్సు మీరినకొద్దీ చూపు మందగించడం, వినికిడి తగ్గడం అందరూ ఎరిగినవే. మాట తడబడడాన్ని మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. తెలిసిన మనిషి పేరు నోట్లో నానుతూ బయటికి రాకపోవడం, వస్తువు పేరు తోచక 'అదే, అది' అనవలసిరావడం వృద్ధాప్యంలో సహజం. కొంతసేపటికి ఆ పేరు దానంతటదే స్ఫురిస్తుంది. ఇది వ్యాధి కాదు. నిత్యం వాడే చెంబు పేరు కూడా తోచకపోయినా, వాక్యం నడుమ తెగిపోతున్నా, ఎదుటివారి పలుకు అర్థం కాకపోయినా వైద్యునికి చూపించవలసిందే.

ఇట్టి స్థితికి ముఖ్య కారణాలు రెండు. మొదటిది పక్షవాతం. మెదడుకు రక్తం అందక భాషాకేంద్రాలు దెబ్బతిన్నప్పుడు కలిగే వాగ్లోపాన్ని 'అఫేసియా' అంటారు. 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 'టాన్' అనే శబ్దం తప్ప దాదాపు మరేదీ పలకలేని రోగిని పరీక్షించాడు. ఇతరుల మాటలు అతనికి అర్థమయ్యేవి. మరణానంతరం చూడగా మెదడు ఎడమవైపు ముందుభాగం చెడిపోయి ఉన్నది. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే దీనికి భిన్నమైన లోపాన్ని వర్ణించాడు. ఆ రోగులు ధారాళంగానే మాట్లాడతారు. ఆ మాటలకు అర్థం మాత్రం ఉండదు. రెండవ కారణం డిమెన్షియా. ఇది ఒక్కసారిగా రాదు. జ్ఞాపకాన్ని, వివేకాన్ని, మాటను కొద్దికొద్దిగా హరిస్తుంది. అల్జీమర్స్ వ్యాధి ఇందులో ప్రధానమైనది.

మరి రెండు మూడు భాషలు వచ్చినవారి సంగతి ఏమిటి? పక్షవాతం తరువాత తొలుత తిరిగి వచ్చేది బాల్యంలో నేర్చిన భాష అని రిబో 1881లో అన్నాడు. కాదు, రోగికి బాగా అలవాటైన భాషే ముందు వస్తుందని పిత్ర్ 1895లో వాదించాడు. ఎక్కువమందిలో భాషలన్నీ ఇంచుమించు కలిసే కోలుకుంటాయని తరువాతి పరిశీలనల్లో తేలింది. ఒక భాష తిరిగివచ్చి మరొకటి రానివారూ లేకపోలేదు.

బహుభాషలు వృద్ధాప్యంలో మేలు చేస్తాయా అనే ప్రశ్నకు తొలి సమాధానం కెనడా నుండి వచ్చింది. 2007లో ఎలెన్ బియాలిస్టాక్ బృందం, టొరంటోలోని ద్విభాషికులలో డిమెన్షియా లక్షణాలు సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా కనిపించాయని ప్రకటించింది. కాని ఆ ద్విభాషికులలో అత్యధికులు వలస వచ్చినవారు. మేలు చేసినది భాషయా, వలస జీవితమా అనే సందేహం మిగిలింది.

ఆ సందేహాన్ని తీర్చడానికి హైదరాబాదు కంటే తగిన నగరం అరుదు. ఇంట తెలుగు, అంగడిలో దక్కనీ, కార్యాలయంలో ఇంగ్లీషు ఇక్కడ వింత కాదు. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు వెల్లడించింది. వారిలో 391 మంది ఒకటి కంటే ఎక్కువ భాషలు తెలిసినవారు. ఏకభాషికుల కంటే వీరిలో వ్యాధి నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అక్షరజ్ఞానం లేనివారిలోనూ ఈ తేడా కనిపించింది. బడి ముఖం చూడని కూలీ మూడు భాషల్లో బేరమాడగలడని చదువుకున్నవారు తరచు మరచిపోతుంటారు! రెండు భాషలకు మించి నేర్చినందువల్ల అదనపు లాభం మాత్రం కనబడలేదు.

రెండు భాషలు తెలిసినవాడు ఒకదానిలో మాట్లాడేటప్పుడు రెండవదానిని ఎప్పటికప్పుడు అణచి ఉంచుతాడు. ఈ నిత్యసాధన వలన మెదడు దెబ్బతిన్నప్పటికీ కొంతకాలం పని నెట్టుకురాగలదని పరిశోధకుల ఊహ. వ్యాధి తప్పిపోదు, వాయిదా పడుతుంది. 2016లో అదే సంస్థలో 608 మంది పక్షవాత రోగులపై జరిగిన పరిశోధన ప్రకారం, ఆలోచనాశక్తి చెక్కుచెదరనివారు ద్విభాషికులలో 40.5 శాతం, ఏకభాషికులలో 19.6 శాతం. అయితే అఫేసియా మాత్రం ఇరువర్గాలలో ఒకే తీరుగా వచ్చింది.

అందరూ దీనిని అంగీకరించలేదు. న్యూయార్క్‌లో స్పానిష్ మాట్లాడే వృద్ధులను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులకు 2014లో ఇట్టి ప్రయోజనం కానరాలేదు. ఆసుపత్రికి వచ్చిన రోగులను లెక్కించడం వేరు, ఆరోగ్యవంతులను ముందునుండి గమనించడం వేరు.

వాదం ఎటు తేలినా, రోగిని ఏ భాషలో పరీక్షించాలన్నది నేటి సమస్య. జీవితమంతా తెలుగులో గడిపిన అవ్వను ఇంగ్లీషు నుండి మక్కికి మక్కి అనువదించిన ప్రశ్నలతో పరీక్షిస్తే లేని వ్యాధి ఉన్నట్లు తోచవచ్చు. వ్రాయడం రానివారిని వాక్యం వ్రాయమంటే ఫలితం ముందే తెలిసినదే. ఈ చిక్కును గుర్తించి భారత వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషలలో పరీక్షలను రూపొందింపజేసింది. అఫేసియా రోగికి మాట నేర్పే చికిత్సకుడు కూడా మొట్టమొదట ఇంటివారిని అడగవలసినది ఇదే: పెద్దాయన ఇంట్లో ఎవరితో ఏ భాషలో మాట్లాడేవారు?