స్వార్జితమునకు అమెరికా పన్ను

ఇంటి జమాఖర్చులు వ్రాయు గృహిణికి రాబడి యెంతయో తెలిసిన చాలదు. అందు చేత మిగులునది యెంతయో కూడ తెలియవలెను. అమెరికా పౌరసత్వము పొంది, మరల హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగు చోట్లకు వచ్చి కాపురముండు సోదరీమణులు కొందరు సంగీతము చెప్పియు, కుట్టుపని చేసియు, అనువాదములు వ్రాసియు స్వయముగా ఆర్జించుచున్నారు. వారికొరకు మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అమెరికా పౌరులు ఏ దేశమున నివసించినను తమ ప్రభుత్వమునకు ఆదాయపు లెక్కలు చూపవలసినదే. విదేశమున నివసించి కష్టార్జితము చేయువారికి, నియమములకు లోబడి, 2025 సంవత్సరపు రాబడిలో 1,30,000 డాలర్ల వరకు ఆదాయపు పన్ను మినహాయింపు గలదు. ఇది విని తమకు పన్నే లేదని పలువురు నిశ్చింతగా నుందురు. పొరపాటిచ్చటనే కలుగుచున్నది. స్వయంవృత్తి పన్ను వేరు. దానికా మినహాయింపు వర్తింపదు. భారతదేశమున కట్టిన ఆదాయపు పన్నును దానిలో తగ్గించుకొనుటకును వీలులేదు.

ఖర్చులు పోగా సంవత్సరమునకు 400 డాలర్లు గాని, అంతకు మించి గాని లాభమున్నచో ఈ పన్ను తగులును. లాభములో నూటికి 92.35 వంతులు తీసికొని, దానిపై నూటికి 15.3 చొప్పున కట్టవలెను. 10,000 డాలర్ల లాభమునకు రమారమి 1,413 డాలర్లగును. ఉద్యోగికైనచో ఇందు సగము యజమాని కట్టును. స్వయముగా పనిచేయువారికి యజమానియు తామే గనుక రెండు పాళ్లును తామే భరింపవలెను.

ఒకే రాబడిపై రెండు దేశములకు ఇట్టి చందా కట్టకుండుటకై అమెరికా కొన్ని దేశములతో ఒడంబడికలు చేసికొన్నది. మొదటిది 1978లో ఇటలీతో అమలునకు వచ్చినది. తరువాత బ్రిటను, కెనడా, జపాను మొదలగునవి చేరినవి. భారతదేశముతో మాత్రము నేటికిని కుదరలేదు.

అయినను ఈ సొమ్మంతయు వ్యర్థము కాదు. ఇందు అధికభాగము వార్ధక్యభృతి నిధికి చేరును. సంవత్సరమునకు 4 చొప్పున, 40 గుర్తింపులు సమకూడినచో ముసలితనమున భృతి లభించును. 2025లో 7,240 డాలర్ల లెక్కకు ఆ నాలుగును వచ్చెను. కాని తన స్వార్జితమును భర్త లెక్కలో కలిపి చూపిన స్త్రీకి ఆ గుర్తింపులు రావు. అవి భర్త పేరనే చేరును.

కావున సోదరీమణులారా! మీ వృత్తికి వేరుగా నొక పుస్తకము పెట్టుడు. రాబడిని, ఖర్చును ఏనాటి కానాడు వ్రాయుడు. మీరు కట్టినది మీ పేరనే నమోదగునట్లు చూచుకొనుడు.