ఐసీయూ బయట కూర్చున్నవాళ్ల సంగతేంటి?

ఐసీయూలో ఉన్న మనిషి బీపీ ఎంత, ఆక్సిజన్ ఎంత అని గంటగంటకీ రాసుకుంటారు. బయట పదిహేను రోజులుగా చాప మీదే ఉంటున్న భార్యనో కొడుకునో 'తిన్నారా, పడుకున్నారా' అని అడిగేవాళ్లు తక్కువ.

వాళ్లు పడే బాధకు వైద్యంలో ఒక పేరుంది: పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్-ఫ్యామిలీ. 2012లో అమెరికా క్రిటికల్ కేర్ నిపుణులు ప్రచురించిన పత్రంతో ఈ మాట వాడుకలోకి వచ్చింది. నిద్ర పట్టదు. ఫోన్ మోగితే గుండె దడ. పేషెంట్ ఇంటికొచ్చాక కూడా ఇది నెలల తరబడి వదలకపోవచ్చు.

అన్నిటికంటే బరువైంది సంతకం. వెంటిలేటర్ పెట్టాలా, గొంతుకు రంధ్రం చేయాలా అని డాక్టర్ అడుగుతారు. అరగంటలో చెప్పాలి. తర్వాత ఏం జరిగినా 'నేనే సంతకం పెట్టాను కదా' అనే ఆలోచన ఆ మనిషిని తినేస్తుంది. అందుకే ఆ నిర్ణయం ఒక్కరి మీద వదలకూడదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిసి డాక్టర్‌తో కూర్చోవాలి.

డబ్బు దిగులు వేరే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది, మంచిదే. కానీ నెల రోజులు మూసేసిన షాపు నష్టం ఏ కార్డులోనూ రాదు. ఆ మాట ఎత్తితే 'ప్రాణం కంటే పైసలెక్కువా' అంటారని ఎవరూ నోరు విప్పరు. లోపల మాత్రం లెక్క నడుస్తూనే ఉంటుంది.

మన ఇళ్లలో ఇంకోటి కూడా ఉంది. కన్నీళ్లు వస్తే చాలు, 'సబర్ చెయ్ బేటా' అంటారు. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ దానికి ఏడవొద్దనే అర్థం ఎప్పుడొచ్చింది? యూసుఫ్ కోసం ఎదురుచూస్తూ యాఖూబ్ అలైహిస్సలాం కళ్లు తెల్లబడేదాకా దుఃఖించారని ఖుర్‌ఆన్‌లోనే ఉంది. తన బాధ అల్లాహ్‌కే చెప్పుకున్నారు. ఆయనకు సబర్ లేదని ఎవరంటారు?

ఇయాదత్‌కి వెళ్లేటప్పుడు పళ్లు తీసుకెళ్తాం. దాని బదులు ఒక రాత్రి కాపలా మీరుండి, రోజూ ఉండే కోడలినో కూతురినో ఇంటికి పంపండి. చాలా ఇళ్లలో ఆ డ్యూటీ వాళ్లదే. డాక్టర్ చెప్పింది ఒకరే వాయిస్ మెసేజ్‌గా బంధువులందరికీ పంపితే, ఒకే మాట ఇరవై సార్లు చెప్పే బాధ తప్పుతుంది.

రెండు వారాలు దాటినా నిద్ర రాకపోతే, ఏదీ పట్టనట్టు అయిపోతే 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ లైన్ అది. ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పేషెంట్ గురించి కాదు, మీ గురించే చెప్పండి.