ఊరు మాఱినవారికి ఇరుగుపొరుగు



నారు పెఱుకునపుడు వేళ్లు తెగకుండ మడిని తడిపి పెఱుకుదుము. జలాశయముల కొఱకు ఊళ్లను కదల్చునపుడు ఆపాటి జాగ్రత్తయు పలుమారులు కానరాదు. భూమికి, ఇంటికి, చెట్టునకు వెల కట్టుదురు. ఇరుగుపొరుగునకు వెల కట్టువారు లేరు.

ఇరుగుపొరుగనగా నేమి? నేడు నీ పొలమున నేను, రేపు నా పొలమున నీవు పనిచేయుట; విత్తనములు చాలనపుడు దొరకు వడ్డీలేని చేబదులు; పురిటికి, చావునకు పిలువకయే వచ్చు మనుష్యులు. ఇవి ఏ దస్తావేజులోను ఉండవు. ఇవి పోయిననాడు ప్రతిపనికిని రొక్కము కావలసివచ్చును. పరిహారము కరగును, అప్పులవాడు వాకిట నిలుచును. తోటివారి యండతోనే బ్రదుకు వృద్ధులకును వితంతువులకును ఈ నష్టము మఱింత హెచ్చు.

1981వ సంవత్సరమునాటికి శ్రీశైలము జలాశయము క్రింద నాటి కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో సుమారు 100 గ్రామములు ఖాళీ యయ్యెను. అందు కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగ విడదీసి, ఆలంపురమున మరల నిలిపిరి. ఊళ్లకు మాత్రము అట్టి శ్రద్ధ దొరకలేదు. పరిహారము చాలవఱకు రొక్కముగ నిచ్చుటచే కుటుంబములు చెదరి, తోచినచోటికి పోయెను.

2013వ సంవత్సరపు భూసేకరణ చట్టము ఈ విషయమును కొంత గుర్తించినది. షెడ్యూల్డు తెగల కుటుంబములను వీలైనంతవఱకు అదే షెడ్యూల్డు ప్రాంతమున, ఒక్కచోటనే నిలుపవలెననియు, వారు కూడుకొనుటకు స్థలము నుచితముగ నీయవలెననియు అందున్నది. పోలవరము ముంపు ప్రాంతపు కోయ, కొండరెడ్డి కుటుంబములవారు ఈ హక్కు నెఱిగియుండుట అవసరము.

చట్టము స్థలము నీయగలదు గాని చెలిమి నీయజాలదు. అది సంఘసభ్యుల పని.

1. కదలుటకు ముందే పాత వీధుల వరుసను జాబితాగ వ్రాసి, ఇండ్ల స్థలములు ఆ వరుసనే పంచవలెనని అధికారులకు అర్జీ యిచ్చుకొనుడు. చీటీలు వేసి పంచినచో పొరుగువారు విడిపోవుదురు.

2. మొదటి కారునకే పని బదుళ్లను మరల కుదుర్చుకొనుడు. ఆడుదిక్కు మాత్రమే గల ఇండ్లను ఆ వంతులనుండి విడువకుడు.

3. తాకట్టునకు భూమి లేనివారు 4 నుండి 10 మంది కూడి ఉమ్మడి బాధ్యతా బృందముగ నేర్పడినచో, పరస్పర హామీపై బ్యాంకు అప్పునకు దరఖాస్తు చేసికొనవచ్చును. ఒకరినొకరు ఎఱిగినవారే ఇట్లు కూడవలెను.

4. చేర్చుకొను ఊరివారును వచ్చినవారితో ముందుగనే కూర్చుండి చెఱువునీరు, మేతబీడు, శ్మశానముల సంగతి తేల్చుకొనవలెను. ఏటియొడ్డు ఒండ్రునేలలో పండించినవారికి ఎఱ్ఱచెలక క్రొత్తది. అచ్చటి విత్తుటదను చెప్పువారు లేనిచో మొదటి పంటయే చేజాఱును.

క్రొత్తగ వచ్చినవానిని సంఘమున చేర్చుకొని, తొలి యేడు వాని చేనికి నాలుగు మారులు పోయి చూడుడు. ఈ సాయమునకు ఖర్చు లేదు. కాని, దీనివలన ఒక కుటుంబము అప్పుల పాలుగాక నిలువగలదు.