ల్యాప్‌టాప్‌కు మతిమరుపు వస్తే?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్లు దిగి ఒక్కసారి చుట్టూ చూడండి. ఎన్ని బోర్డులో! కోచింగు సెంటర్లు, హాస్టళ్ళు, పుస్తకాల దుకాణాలు. వాటి మధ్యనే పాత ల్యాప్‌టాప్‌లు అమ్మేవాళ్ళూ, బాగుచేసేవాళ్ళూ కనబడతారు. అక్కడ రైలెక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటగానే మూడో స్టేషను ఎల్.బి. నగర్. మీ ఇల్లు అక్కడే ఉందనుకోండి. మీ అక్క రోజూ ఆ రైల్లో దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి కంప్యూటర్ కోర్సు చదువుతోందనుకోండి.

నాన్నగారు చిట్టీ ఎత్తి అక్కకు ఒక పాత ల్యాప్‌టాప్ కొనిపెట్టారు. అందులో అక్క లైనక్స్ వేసుకుంది. మూడు నెలలు చక్కగా పనిచేసింది. నాలుగో నెలలో తిక్క మొదలైంది. పనిచేస్తూ చేస్తూ తెర బిగుసుకుపోతుంది. ఒకసారి బొమ్మల ప్రోగ్రాం మూసుకుపోతే, మరోసారి బ్రౌజరు మూసుకుపోతుంది. నిన్న దాచిన ఫైలు ఇవాళ తెరుచుకోదు. ప్రాజెక్టు ఇవ్వడానికి పదిరోజులే గడువుంది. దుకాణానికి తీసుకువెళితే ఆయన అటూ ఇటూ చూసి, "మదర్‌బోర్డు పోయింది. బాగుచేయించే డబ్బుతో ఇంకో పాతది వస్తుంది" అన్నాడు. నాన్నగారు ఏమీ మాట్లాడలేదు. చిట్టీ వాయిదాలు ఇంకా తీరలేదు మరి!

దుకాణదారు చెప్పింది నిజం కావచ్చు, కాకపోవచ్చు. ఎలా తేల్చుకోవాలి? ఊహించి కాదు, పరీక్షించి. ఆ పరీక్షలన్నీ మీరూ చేయగలరు. పైసా ఖర్చు లేదు. ఎలాగో చూద్దాం.

వైద్యుడు చేసే పనే

జ్వరంతో వెళ్ళిన రోగికి మంచి డాక్టరు వెంటనే సూది వేయడు. "ఎప్పటినుంచి? పొద్దుటా, సాయంత్రమా? దగ్గుందా?" అని అడుగుతాడు. మనమూ అంతే. ఒక నోటుపుస్తకం తీసుకుని రోజూ రాయండి: యంత్రం ఎప్పుడు ఆగింది? వేసిన ఎంతసేపటికి? అప్పుడు ఏ ప్రోగ్రాం నడుస్తోంది? ముట్టుకుంటే వేడిగా ఉందా?

ఒకే ప్రోగ్రాం దగ్గర ప్రతిసారీ ఆగిపోతుంటే ఆ ప్రోగ్రాం మీద అనుమానపడాలి. అరగంట తర్వాత వేడెక్కి ఆగుతుంటే ఫ్యాను మీద, దానికి పట్టిన దుమ్ము మీద అనుమానపడాలి. మే నెల ఎండల్లో ఇది మామూలే. కాని ఇవాళ ఒకటి, రేపు ఒకటి, ఏ ప్రోగ్రాం పడితే అది, చల్లగా ఉన్నప్పుడూ ఆగిపోతుంటే? అప్పుడు జ్ఞాపకశక్తి మీద, అంటే మెమొరీ మీద అనుమానపడాలి.

మరో చిన్న పరీక్ష ఉంది. లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ మీదినుంచే నడపవచ్చు. లోపలి డిస్కును ముట్టుకోనక్కర లేదు. అలా నడిపినప్పుడు రోగం మాయమైతే దోషం డిస్కులోనో, అందులో ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడూ పోకపోతే యంత్రభాగాలను చూడాలి. మన అక్క ల్యాప్‌టాప్ పెన్‌డ్రైవ్ మీద నడిపినా బిగుసుకుపోయిందనుకోండి. దారి సగం తగ్గింది కదూ!

యంత్రం రాసుకునే డైరీ

లైనక్స్‌ను 1991లో ఫిన్లండ్‌లోని హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. అప్పుడతనికి 21 ఏళ్ళు. 1992 నుంచి దాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచుకోవచ్చు అనే అనుమతిపత్రం కింద విడుదల చేశాడు. వంటకంతోపాటు వండే విధానం కూడా చేతికిచ్చినట్లన్నమాట. 2005లో హైదరాబాదులో ఏర్పడిన 'స్వేచ్ఛ' అనే సంస్థ ఇదే పునాది మీద తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది.

ఈ వ్యవస్థ తాను చేసే పనులను, తనకు ఎదురైన ఇబ్బందులను ఎప్పటికప్పుడు రాసిపెట్టుకుంటుంది. టెర్మినల్ తెరిచి ఇంగ్లీషులో డి, ఎమ్, ఇ, ఎస్, జి అనే అయిదు అక్షరాలు టైపు చేస్తే ఆ డైరీ కనబడుతుంది. కొన్ని యంత్రాల్లో దానికి యజమాని పాస్‌వర్డు కూడా అడుగుతుంది. డిస్కు పేరు పక్కన 'ఐ ఓ ఎర్రర్' అని పదేపదే ఉంటే డిస్కును అనుమానించాలి. వేడి గురించిన హెచ్చరికలుంటే ఫ్యాను చూడాలి. వేరువేరు ప్రోగ్రాముల పేర్లతో 'సెగ్‌ఫాల్ట్' అనే మాట కనబడితే మెమొరీని పరీక్షించాలి.

మరో ఆజ్ఞ 'ఫ్రీ'. ఎంత మెమొరీ ఉంది, ఎంత వాడకంలో ఉందో ఇది చెబుతుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఖాళీగా ఉన్నది చాలా కొద్దిగా కనబడితే గాభరాపడిపోతారు. నిజానికి లైనక్స్ ఖాళీ చోటును ఊరికే వదలదు. డిస్కునుంచి తెచ్చిన సమాచారాన్ని మళ్ళీ అవసరమవుతుందేమోనని అక్కడ ఉంచుతుంది. ఎవరైనా చోటు అడిగితే వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. కాబట్టి చూడవలసింది 'అవైలబుల్' అనే గడిని. అదీ అడుగంటితేనే ఇరుకు. అప్పుడు కొంత సమాచారాన్ని డిస్కు మీద 'స్వాప్' అనే చోటికి పంపుతుంది. డిస్కు మెమొరీకన్నా ఎంతో నెమ్మది కనుక యంత్రం నత్తనడక నడుస్తుంది. అది ఇరుకే కాని రోగం కాదు.

మొత్తం గడినీ చూడండి. నాలుగేసి గిగాబైట్ల పలకలు రెండు ఉంటే ఎనిమిదికి కొంచెం తక్కువ కనబడాలి. ఆ కొంచెం తెర బొమ్మలకోసమూ, ఇతర అవసరాలకూ యంత్రం పక్కన పెట్టుకున్నది. నాలుగుకన్నా తక్కువ కనబడితే ఒక పలక అసలు అందడమే లేదన్నమాట. అక్క యంత్రంలో సరిగ్గా ఎనిమిదికి దగ్గరగానే ఉంది. మరి చిక్కెక్కడ?

జ్ఞాపకం ఒక చిల్లుకుండ

మెమొరీలో ఒక్కొక్క గది ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరుతో తయారవుతుంది. 1966లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థలో రాబర్ట్ డెనార్డ్ ఆలోచించిన పద్ధతి ఇది. 1968లో దానికి పేటెంటు వచ్చింది. కెపాసిటరును ఒక బుల్లి కుండ అనుకోండి. అందులో విద్యుదావేశం ఉంటే 1, లేకుంటే 0. ట్రాన్సిస్టరు దానికి మూత.

తమాషా ఏమిటంటే, ఈ కుండకు సన్నని చిల్లు ఉంది! ఆవేశం కారిపోతూనే ఉంటుంది. అందుకని సుమారు 64 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు పదిహేను పదహారుసార్లు, యంత్రం ప్రతి కుండనూ చూసి, నిండుగా ఉండవలసిన దాన్ని మళ్ళీ నింపుతుంది. కరెంటు పోతే నింపేవాడు ఉండడు. అందుకే దాచుకోని పని కరెంటుతోపాటే పోతుంది.

ఎనిమిది గిగాబైట్ల మెమొరీలో ఇలాంటి కుండలు ఎన్ని? 6,871 కోట్లకు పైగా! వాటిలో ఒక్కదాని చిల్లు కాస్త పెద్దదైనా చాలు. ఎలాగో చూడండి. కంప్యూటరు ప్రతి అక్షరాన్నీ ఒక అంకెగా గుర్తుపెట్టుకుంటుంది. 'క' అంకె 3093. 'గ' అంకె 3095. ద్విసంఖ్యామానంలో రాస్తే ఈ రెంటికీ తేడా ఒకే ఒక్క స్థానంలో ఉంది: మొదటిదానికి చివర 10101, రెండోదానికి చివర 10111. ఆ ఒక్క స్థానం తప్పితే 'కడప' కాస్తా 'గడప' అవుతుంది. పదంలో తప్పితే నవ్వి ఊరుకోవచ్చు. ప్రోగ్రాం ఆజ్ఞలో తప్పితే యంత్రమే నిలిచిపోతుంది. ఏ ప్రోగ్రాం ఆ చెడ్డ కుండ దగ్గరికి వస్తే అది పడిపోతుంది. అక్క యంత్రంలో రోజుకొకటి ఆగిపోవడానికి కారణం ఇదే కావచ్చు.

రాత్రంతా పరీక్ష

ఈ అనుమానం తేల్చడానికి 'మెమ్‌టెస్ట్86 ప్లస్' అనే ప్రోగ్రాం ఉంది. ఇదీ అందరికీ తెరిచి ఉంచినదే. లైనక్స్ నడుస్తుండగా మెమొరీ మొత్తాన్ని పరీక్షించడం కుదరదు. లైనక్స్ కూర్చున్నదే ఆ మెమొరీలో కదా! చాపమీద కూర్చుని ఆ చాపనే దులపగలమా? అందుకే ఇది లైనక్స్ లేవకముందే, పెన్‌డ్రైవ్ నుంచి తనంతట తానే మొదలవుతుంది. తాను కూర్చున్న చోటును పరీక్షించవలసి వచ్చినప్పుడు పక్కకు జరిగి మరీ పరీక్షిస్తుంది.

అది చేసే పని సులువైనదే. ప్రతి గదిలో 0 రాసి, తిరిగి చదివి సరిచూస్తుంది. తర్వాత 1 రాసి చూస్తుంది. తర్వాత ఒకటి విడిచి ఒకటి, ఇలా రకరకాల నమూనాలు. ఇన్ని రకాలెందుకంటే కొన్ని గదులు ఒంటరిగా బాగానే ఉంటాయి, పక్కగది మారినప్పుడు మాత్రం తప్పుతాయి. కోట్ల గదులు కనుక గంటలు పడుతుంది. ఛార్జరు పెట్టి రాత్రంతా నడపడం మంచిది. ఇందులో నూటికి 99 వస్తే పాసు కాదు! తప్పులు సున్నా ఉండాలి. ఒక్కటి వచ్చినా యంత్రాన్ని నమ్మరాదు.

తెల్లవారి చూస్తే అక్క యంత్రం తెరమీద ఎర్రని వరుసలు! మెమొరీలో తప్పులున్నాయి. అయితే దోషి ఎవరు? మెమొరీ పలకా? అది కూర్చునే గూడా? గూడైతే మదర్‌బోర్డుదే తప్పు. దుకాణదారు మాటే నిజమవుతుంది.

రెండు పలకలు, రెండు గూళ్ళు

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

పలకలకు 'క', 'ఖ' అనీ, గూళ్ళకు 1, 2 అనీ పేర్లు పెడదాం. ఒక్కొక్కసారి ఒక్క పలకను ఒక్క గూటిలో ఉంచి పరీక్షిద్దాం. ఫలితాలు ఇలా వచ్చాయనుకోండి:

క పలక, 1వ గూడు: తప్పులు లేవు.
క పలక, 2వ గూడు: తప్పులు లేవు.
ఖ పలక, 1వ గూడు: తప్పులు.
ఖ పలక, 2వ గూడు: తప్పులు.

ఆలోచించండి. 'క' రెండు గూళ్ళలోనూ నెగ్గింది. అంటే రెండు గూళ్ళూ మంచివే. 'ఖ' ఏ గూటిలో పెట్టినా తప్పింది. దోషి 'ఖ' పలకే! మదర్‌బోర్డు నిర్దోషి. కొత్త ల్యాప్‌టాప్ అక్కరలేదు, ఒక్క పలక మారిస్తే చాలు. అది దొరికేలోగా 'క' ఒక్కదానితో, నాలుగు గిగాబైట్లతో, కాస్త నెమ్మదిగానైనా ప్రాజెక్టు పూర్తిచేయవచ్చు. అయితే చెడ్డ మెమొరీ ఉన్న రోజుల్లో దాచిన ఫైళ్ళన్నీ ఒకసారి తెరిచి చూడాలి. మెమొరీలో పుట్టిన తప్పు డిస్కులోకీ చేరి ఉండవచ్చు.

చేయి పెట్టేముందు

పలకలు తీసేపని పెద్దల ఎదుటే చేయండి. ముందు యంత్రాన్ని పూర్తిగా ఆపి, ఛార్జరు తీయాలి. బయటికి వచ్చే బ్యాటరీ అయితే దాన్నీ తీయాలి. లోపలే ఉండే బ్యాటరీ అయితే దాని తీగను మదర్‌బోర్డునుంచి ఊడదీయాలి. బ్యాటరీని మాత్రం గుచ్చడం, వంచడం ఎన్నడూ చేయకండి. అంటుకునే ప్రమాదం ఉంది.

రెండోది స్థిర విద్యుత్తు. దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కలను ఆకర్షించిన ప్రయోగం గుర్తుందా? ఆ ఆవేశమే మీ చేతిమీదా చేరుతుంది. చురుక్కుమనడానికి సుమారు మూడువేల వోల్టులు కావాలి. చిప్పులు అంతకన్నా ఎంతో తక్కువకే చెడిపోవచ్చు. కనుక ముందుగా నేలకు కలిసి ఉన్న లోహాన్ని ముట్టుకోండి. పలకను అంచులు పట్టుకునే తీయండి. బంగారు రంగు పళ్ళను తాకకండి. ఆ పళ్ళకు మురికి పట్టినా తప్పులు వస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన మెత్తని గుడ్డతో మెల్లగా తుడిచి, ఆరనిచ్చి, మళ్ళీ పరీక్షించాకే 'ఖ'కు శిక్ష వేయండి. కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో మెమొరీని బోర్డుకే అతికించేస్తారు. వాటి జోలికి వెళ్ళవద్దు. పరీక్ష మాత్రం వాటికీ చేయవచ్చు.

ఇప్పుడు మీ వంతు

మీ స్నేహితుడి యంత్రంలో రెండు పలకలూ 1వ గూటిలో నెగ్గాయి, 2వ గూటిలో రెండూ తప్పాయి. దోషి ఎవరు? ఇంకొకరి యంత్రంలో ఏ పలక ఏ గూటిలో ఒంటరిగా ఉన్నా తప్పు లేదు, రెండూ కలిస్తేనే తప్పులు. దీనికి ఎన్ని కారణాలు ఊహించగలరు? ఒక్కొక్కదాన్ని కొట్టివేయడానికి ఏ పరీక్ష చేస్తారు? కాగితంమీద గడులు గీసి ప్రయత్నించండి.

అక్క ఆ నాలుగు వరుసల కాగితం పట్టుకుని మళ్ళీ ఆ దుకాణానికే వెళ్ళిందనుకోండి. "మదర్‌బోర్డు కాదండీ, ఈ పలక మార్చండి చాలు" అంటుంది. ఆయనా కాగితం చూసి తల ఊపక తప్పదు. నాన్నగారికి మిగిలిన డబ్బు ఎంతో మీరే లెక్క వేయండి.